పెద్దయ్యాక ఫిడేలు పట్టేవారికి: మొదటి రోజు నుంచి మొదటి వర్ణం దాకా

వయొలిన్ మీద మొదటిసారి కమాను పెట్టి లాగితే నూనె లేని బావి గిలక శబ్దం వస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ చప్పుడుకి నవ్వేసి మళ్ళీ లాగుతుంది. నలభై ఐదేళ్ళ మనిషి ముందు లేచి వెళ్ళి కిటికీ మూసి వస్తాడు. పెద్దవాళ్ళకి ఎదురయ్యే అసలు చిక్కు అదే. ఇన్నేళ్ళుగా కచేరీలు విని, పాటలు విని మన చెవి బాగా ముదిరిపోయి ఉంటుంది. దానికి జతగా ఇప్పుడు ఒక్కరోజు వయసున్న చెయ్యి వచ్చి చేరింది. చెవి ఒప్పుకోదు, చెయ్యి అందుకోలేదు. మధ్యలో మనం మూడో నెలలో ఫిడేలు పెట్టెలో పెట్టేస్తాం.

వేళ్ళు బిరుసెక్కాయనో, వయసు మీరిందనో ఆగిపోయినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. తొందరపడి ఆగిపోయినవాళ్ళే ఎక్కువ. అందుకే కింద చెప్పిన క్రమంలో కుడిచేతికి చాలా చోటిచ్చాను, ఎడమచేతిని ఆలస్యంగా తెచ్చాను. ఇది కర్ణాటక పద్ధతిలో నేర్చుకునేవారి కోసం రాసింది. వర్ణం అంటే ఆ పద్ధతిలో ప్రాథమిక పాఠాలు దాటాక నేర్చుకునే పెద్ద రచన. పాశ్చాత్య పద్ధతి ఎంచుకున్నవారికి కూర్చునే తీరూ శ్రుతి చేసే తీరూ మారతాయి, కమాను గురించీ సాధన గురించీ చెప్పినదంతా యథాతథంగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: వాద్యం కంటే ముందు గురువు

కమాను పట్టు ఒక్కసారి తప్పుగా అలవాటైతే దాన్ని వదిలించుకోవడానికి నేర్చుకున్నదానికి రెండింతల సమయం పడుతుంది. వీడియోలు చూసి చాలా విషయాలు తెలుసుకోవచ్చు, కానీ మీ బొటనవేలు బిగుసుకుపోయిందని వీడియో మీకు చెప్పదు. కనీసం మొదటి ఆరు నెలలు ఎవరో ఒకరు మిమ్మల్ని చూస్తూ ఉండాలి.

గురువుని రెండు ప్రశ్నలు అడగండి. పెద్దవాళ్ళకి ఇంతకు ముందు మొదటి నుంచి నేర్పారా? పాఠంలో తాము వాయించి వినిపిస్తారా, లేక తప్పులు చెప్పి ఊరుకుంటారా? పిల్లలకి నేర్పడంలో ఆరితేరినవారు కొందరు పెద్దవాళ్ళ దగ్గర మొహమాటపడి తప్పుల్ని వదిలేస్తారు. అది మర్యాదే, కానీ మనకి నష్టం.

ఆన్‌లైన్ పాఠమైతే ఇద్దరూ ఒకేసారి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి వంతులవారీగా సాగాలి. కెమెరాని మీ మొహానికి కాకుండా కమానూ, తీగల్ని మోసే బ్రిడ్జీ, ఎడమచెయ్యీ మూడూ కనబడే కోణంలో పెట్టండి. ఇంకో సంగతి: వీడియో కాల్ యాప్‌లు ఫిడేలు నాదాన్ని రొదగా భావించి కోసేస్తాయి. సెట్టింగుల్లో రొద తగ్గించే సదుపాయాన్ని ఆపేయాలి. నా గురువుగారికి నా దీర్ఘ స్వరాలు ముక్కలు ముక్కలుగా వినబడుతున్నాయని నాకు తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

రెండో మెట్టు: వాద్యం, కమాను, రోజిన్

పెద్దవాళ్ళలో చాలామందికి పూర్తి సైజు, అంటే 4/4 సరిపోతుంది. దాని పొట్ట భాగం పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు. చేతులు బాగా చిన్నవైతే 7/8 దొరుకుతుందేమో చూడండి. అద్దెకి దొరికితే మొదటి ఆరు నెలలూ అద్దెదే మేలు.

కొన్నా, అద్దెకి తెచ్చినా, తెలిసినవారి చేత ఒకసారి సరిచేయించుకోండి. తీగల్ని మోసే బ్రిడ్జిని జిగురుతో అతికించరు. తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. లోపల సన్నటి కర్ర ఒకటి ఉంటుంది, సౌండ్‌పోస్ట్ అంటారు. అదీ అంతే, పైపలకకీ కిందిపలకకీ మధ్య ఒత్తిడి మీద నిలబడి ఉంటుంది. ఈ రెండూ సరిగ్గా కుదరకపోతే ఎంత మంచి చెయ్యి అయినా నాదం రాబట్టలేదు. తీగల కింద వేళ్ళు నొక్కే పలకని ఫింగర్ బోర్డు అంటారు. దాని చివర తీగ ఎత్తు కొలిచి చూడండి: సన్నతీగ దగ్గర సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, లావుతీగ దగ్గర ఐదు, ఐదున్నర ఉంటే మామూలు. అంతకంటే బాగా ఎత్తుంటే నొక్కలేక వేళ్ళు వాస్తాయి. నాలుగు నెలలు నేను నా వేళ్ళనే తిట్టుకున్నాను. తప్పు బ్రిడ్జిది.

తీగల్ని చుట్టి బిగించే బిరడాలు మరీ బిగుసుకుపోకుండా, జారిపోకుండా తిరగాలి. నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు, అంటే శ్రుతిని సన్నగా సర్దే చిన్న మరలు, పెట్టించుకోండి. అవి పిల్లలకే అన్న భేషజం వద్దు.

కమాను బరువు 60 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. గుర్రపు తోక వెంట్రుకలు బిగించిన కర్ర అది. వాయించే ముందు మర తిప్పి, కర్రకీ వెంట్రుకలకీ మధ్య నడిమిభాగంలో పెన్సిలు దూరేంత సందు వచ్చేదాకా బిగించాలి. వాయించాక వదులు చేయాలి. మరిచిపోతే కర్ర నెమ్మదిగా దాని వంపు కోల్పోతుంది. వెంట్రుకల్ని వేలితో ముట్టుకోకండి, చర్మం మీది జిడ్డు అంటితే అక్కడ పట్టు పోతుంది.

రోజిన్ అంటే వెంట్రుకలు తీగని పట్టుకోవడానికి వాటికి రాసే గట్టి జిగురు బిళ్ళ. కొత్తది అద్దంలా నున్నగా ఉంటుంది. గరుకు కాగితంతో కొంచెం గీరితే గానీ పొడి రాదు. కొత్త వెంట్రుకలకి మొదటిసారి ఓపిగ్గా చాలాసేపు పట్టించాలి. తరువాత రోజుకి మూడు నాలుగు సార్లు రుద్దితే చాలు. తీగల మీద తెల్లగా దుమ్ములా పేరుకుంటే ఎక్కువైనట్టు. సాధన అయ్యాక మెత్తటి పొడిగుడ్డతో తీగల్నీ పలకనీ తుడవండి.

మూడో మెట్టు: శ్రుతి చేసుకోవడం

లావుతీగ నుంచి వరసగా మన నాలుగు తీగలూ మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం. షడ్జం అంటే స, పంచమం అంటే ప; మంద్రం కింది స్థాయి, మధ్య నడిమి స్థాయి. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి తీగకీ పక్క తీగకీ దూరం స–ప దూరమే. మనకి మధ్యలో ప–స వస్తుంది కాబట్టి పై రెండు తీగలూ వాళ్ళకంటే బాగా కిందకి దిగుతాయి. తీగలు కొనేటప్పుడు మీరు ఏ శ్రుతిలో వాయిస్తారో చెప్పి కొనండి. శ్రుతి ఎంతన్నది గురువు నిర్ణయిస్తారు. మీరు పాడతారు కూడా అయితే మీ గొంతుకి హాయిగా ఉండే శ్రుతి అడగండి, రెండూ కలిసొస్తాయి.

శ్రుతిపెట్టె గానీ యాప్ గానీ పెట్టుకుని, కావలసిన స్థాయికి కింద నుంచి పైకి రండి. బిరడాని తిప్పుతూనే లోపలికి కొంచెం నొక్కాలి. నొక్కకుండా తిప్పితే గిర్రున వెనక్కి జారుతుంది. చివరి వెంట్రుకవాసి తేడా ఫైన్ ట్యూనర్‌తో సర్దండి. తీగ బిగించినప్పుడల్లా బ్రిడ్జి పైభాగం కొంచెం ముందుకి, ఫింగర్ బోర్డు వైపుకి, వాలుతుంది. పక్క నుంచి చూసి, రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా నిటారుకి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే మార్చాలి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడుతుంది, ఒక్కోసారి లోపలి సౌండ్‌పోస్ట్ కూడా పడుతుంది. దాన్ని నిలబెట్టడం మన పని కాదు.

మొదటి వారాల్లో ట్యూనర్ ముల్లు చూసుకోవడంలో తప్పులేదు. నెల తరువాత ముందు చెవితో చేసి, ఆ పైన ముల్లుతో సరిచూసుకోండి. షడ్జ పంచమ తీగలు రెండిటినీ కమానుతో కలిపి లాగితే, సరిపోనప్పుడు నాదం అలలు అలలుగా ఊగుతుంది. దగ్గరకొచ్చేకొద్దీ అలలు నెమ్మదిస్తాయి, కుదిరినప్పుడు నిలిచిపోతాయి. ఈ ఊపుని వినడం వచ్చిన రోజు మీ చెవికి నిజంగా పని దొరికినట్టు.

నాలుగో మెట్టు: కూర్చోవడం

పద్మాసనం అక్కర్లేదు, బాసిపట్టు వేసుకుని కుడికాలు కొంచెం ముందుకి చాపండి. ఫిడేలు తల కుడి చీలమండ మీద, రెండో కొస ఎడమ భుజం కింద, మెడ ఎముక దగ్గర ఆనాలి. ఎడమచెయ్యి తీసేసి చూడండి. ఫిడేలు అక్కడే ఉంటే కూర్చోవడం కుదిరినట్టు. పడిపోబోతుంటే ఇన్నాళ్ళూ దాన్ని మోస్తున్నది మీ ఎడమచెయ్యి అన్నమాట, మోసే చెయ్యి జారలేదు.

మన సంగీతంలోకి వయొలిన్‌ని తెచ్చినవారిగా బాలుస్వామి దీక్షితులు (1786–1858) పేరు చెబుతారు. వాద్యం ఆకారాన్ని మనవాళ్ళు దాదాపు అలాగే ఉంచేశారు, దాన్ని పట్టే తీరు మాత్రం మార్చేశారు. గడ్డం కింద ఇరికించుకోకుండా కాలి మీద ఆనించడంతో ఎడమచెయ్యి తీగ పొడవునా పైకీ కిందకీ జారడానికి ఖాళీ అయింది. గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించే తీరులన్నీ, ఆ ఖాళీలోంచే వస్తాయి.

మోకాళ్ళూ తుంటీ సహకరించనివారు పిరుదుల కింద మడత దుప్పటి వేసుకోండి. మోకాళ్ళు తుంటి కంటే కిందకి వస్తే నడుము దానంతట అదే నిలబడుతుంది. అసలు నేల మీద కూర్చోలేకపోతే గురువుతో ముందే మాట్లాడండి. గడ్డం కింద పెట్టుకునీ కర్ణాటక సంగీతం వాయించవచ్చు, జారులకి మాత్రం ఎక్కువ కష్టపడాలి.

ఐదో మెట్టు: కమాను, కమాను, మళ్ళీ కమాను

ఈ మెట్టు మీద ఒక నెల గడపమంటాను. మొదటి నాలుగు వారాలు ఎడమచేతి వేళ్ళు తీగని తాకకూడదు.

ముందు పట్టు. పెన్సిలుతో మొదలుపెట్టండి. బొటనవేలు వంగి, మధ్యవేలికి ఎదురుగా ఉండాలి. చిటికెన వేలు గుండ్రంగా వంగి కర్ర పైన కూర్చోవాలి. బొటనవేలు నిటారుగా బిగిస్తే ఆ బిగువు మణికట్టుకీ, అక్కడి నుంచి భుజానికీ పాకుతుంది. అరవై గ్రాముల కర్రని పట్టుకోవడానికి పిడికిలి అక్కర్లేదు, పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు చాలు.

తరువాత నాదం ఎలా పుడుతుందో తెలుసుకుంటే సగం తప్పులు మీరే దిద్దుకోగలరు. పెద్దవాళ్ళకి ఉన్న లాభం ఇదే, కారణం అర్థమైతే చెయ్యి తొందరగా వింటుంది. రోజిన్ పట్టించిన వెంట్రుకలు తీగని పట్టి కొంత దూరం లాక్కెళతాయి. తీగ జారి వెనక్కి పోతుంది, మళ్ళీ పట్టుబడుతుంది. మధ్య షడ్జం తీగ మీద ఇది సెకనుకి రెండు మూడు వందల సార్లు జరుగుతుంది. ఈ పట్టు–జారు లయ నిలకడగా ఉంటే అది నాదం, చెదిరితే అది కీచు. లయని నిలబెట్టడానికి మీ చేతిలో ఉన్నవి మూడే: కమాను వేగం, దాని మీద పడే బరువు, బ్రిడ్జికి ఎంత దగ్గరగా లాగుతున్నారన్నది.

ఈల వేసినట్టు గాలిశబ్దం వస్తోందా? బరువు చాలలేదు, లేదా మరీ వేగంగా లాగుతున్నారు. గరగరమని తీగ నలుగుతోందా? ఆ వేగానికి బరువు ఎక్కువైంది. బ్రిడ్జి దగ్గరికి వెళ్ళేకొద్దీ బరువు పెంచి, వేగం తగ్గించాలి. ఫింగర్ బోర్డు వైపు తేలిక చేయాలి. నాదం మధ్యలోనే రంగు మారిపోతోందంటే కమాను బ్రిడ్జికి సమాంతరంగా లేదు, తీగ మీద జారిపోతోంది. దీనికి అద్దం ముందు సాధనని మించిన మందు లేదు.

మొదటి వారం కమాను నడిమి భాగంలో ఒక జానెడు మాత్రమే వాడండి. రెండో వారం రెండు వైపులా పెంచుతూ పోండి. మూడో వారానికి కొస నుంచి కొస దాకా ఒక్కో లాగుకీ ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు) లెక్కపెడుతూ లాగాలి. మొదట్లో ఐదో లెక్కకే కమాను అయిపోతుంది, కంగారు పడకండి. నాలుగో వారం తీగ మార్చడం. ఒక తీగ నుంచి పక్క తీగకి వెళ్ళాలంటే మోచెయ్యి ఎత్తు కొంచెం మారాలి. మణికట్టు విరిచి అందుకోవాలని చూస్తే రెండు తీగలూ కలిసి మోగుతాయి. ఒక్కో తీగకి మోచెయ్యి ఏ ఎత్తులో ఉందో కళ్ళు మూసుకుని గుర్తుపట్టేదాకా చేయండి.

విసుగే. నేను రెండో వారంలోనే దొంగతనంగా వేళ్ళు పెట్టేశాను. స్వరం తప్పిందో, కమాను తప్పిందో తెలియక రెండిటినీ చెడగొట్టుకున్నాను. ఒకేసారి రెండు తప్పులు జరుగుతుంటే దేన్నీ దిద్దలేం.

ఆరో మెట్టు: ఎడమచెయ్యి

మాయామాళవగౌళ రాగంతో పాఠాలు మొదలుపెట్టడం గొంతుకి ఎంత అనువో ఫిడేలుకి కూడా అంతే అనువు. షడ్జం ఖాళీ తీగ. చూపుడువేలు రి, మధ్యవేలు గ, ఉంగరపువేలు మ. తరువాత ప మళ్ళీ ఖాళీ తీగ, అదే వేళ్ళతో ద, ని, పై స. రాగం పూర్వాంగం (స రి గ మ), ఉత్తరాంగం (ప ద ని స) అచ్చు ఒకేలా ఉంటాయి కాబట్టి రెండు తీగల మీదా చేతి ఆకారం మారదు. ఒక్క ఆకారం నేర్చుకుంటే స్థాయి మొత్తం వచ్చేస్తుంది.

ఆ ఆకారం ఇది. బిరడాల వైపు కొస నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. రి స్థానం అందులో పదహారో వంతు దగ్గర, అంటే రెండు సెంటీమీటర్ల దగ్గర. గ ఐదో వంతు దగ్గర, ఆరున్నర. మ సరిగ్గా నాలుగో వంతు, ఎనిమిదింటికి కాస్త పైన. అంటే చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య నాలుగున్నర సెంటీమీటర్ల ఎడం, మధ్యవేలూ ఉంగరపువేలూ దాదాపు అంటుకుని. మొదట్లో గ ఎప్పుడూ తక్కువగా పలుకుతుంది, ఎందుకంటే ఆ ఎడం చేతికి అసహజం. మీ గ తక్కువైందని ముందే అనుమానించండి, పదింట తొమ్మిదిసార్లు అదే నిజం అవుతుంది.

ఫింగర్ బోర్డు మీద గుర్తుల టేపు అంటించాలా? నా ఉద్దేశంలో ఒక్కటే, ఉంగరపువేలి దగ్గర, అదీ ఒక నెల. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు బాగా మందం. ఆయన వేళ్ళకి దారి చూపింది చెవే. మనకి చూపు ఉండటం వల్ల వచ్చే చెడు అలవాటు ఫింగర్ బోర్డు వైపు తొంగిచూడడం. తొంగిచూస్తే మెడ వంగుతుంది, కమాను వంకర పోతుంది.

టేపు కంటే నమ్మకమైన పరీక్ష ఫిడేలులోనే ఉంది. మంద్ర పంచమం తీగ మీద ఉంగరపువేలు పెడితే వచ్చేది మధ్య షడ్జం, పక్క ఖాళీ తీగ పలికే స్వరమే. చిన్న కాగితం ముక్కని మడిచి ఆ షడ్జం తీగ మీద గుర్రం ఎక్కించినట్టు పెట్టండి. పంచమం తీగ మీద ఉంగరపువేలితో వాయించండి. స్వరం సరిపోతే ఎవరూ ముట్టుకోని పక్క తీగ కదిలి, కాగితం ఎగురుతుంది. సరిపోకపోతే కదలదు. ఎదుటివారి మాట అక్కర్లేని తీర్పు అది.

పక్క స్వరస్థానానికి ఇక్కడ దూరం రెండు సెంటీమీటర్ల లోపే. మూడు నాలుగు మిల్లీమీటర్లు తప్పినా చెవికి గుచ్చుకుంటుంది. అందుకే వేలిని ఎత్తి మళ్ళీ పెట్టకుండా, వేలికొనని దొర్లించి సర్దడం నేర్చుకోవాలి. గోళ్ళు పూర్తిగా కత్తిరించుకోండి. నాదం శుభ్రంగా రావడానికి ఎంత ఒత్తిడి కావాలో అంతే. బొటనవేలితో మెడని పిండకండి.

ఏడో మెట్టు: పాఠక్రమం

సరళీ స్వరాలు, జంటలు, దాటు స్వరాలు, అలంకారాలు, మలహరి గీతాలు, ఇతర గీతాలు, స్వరజతి, వర్ణం. క్రమం అందరికీ తెలిసిందే, చెప్పేది తక్కువ. ప్రతి పాఠాన్నీ ముందు తాళం వేస్తూ పాడండి. గొంతు బాగుండక్కర్లేదు. పాడలేని స్వరాన్ని వేలు వెతుక్కోలేదు.

కాలం అంటే వేగం: మొదటి కాలంలో స్వరానికొక కమాను, రెండో కాలంలో ఒక్కో కమానుకి రెండేసి స్వరాలు, మూడో కాలంలో నాలుగేసి. జంటల్లో రెండో స్వరానికి కింది స్వరం నుంచి చిన్న తాకిడి, స్ఫురితం, వస్తుంది. ఎడమచేతికి అది మొదటి గమకం. అంతకంటే ముందు గమకాల జోలికి పోవద్దు. మీ చెవి అడుగుతుంది, తెలుసు. దానికి రోజుకి రెండు నిమిషాలు మేత వేయండి: ఒక్క వేలితో, ఒక్క తీగ మీద, స నుంచి ప దాకా నెమ్మదిగా జారి వెనక్కి రావడం.

పెద్దవాళ్ళు మూడో కాలానికి తొందరపడతారు. కీచు లేకుండా, తొణక్కుండా వాయించగలిగిన వేగమే ఆ రోజు మీ వేగం. రోజూ కూర్చోగలిగినవారికి అలంకారాల దాకా ఏడాది పడితే అది ఆలస్యం కాదు. మొదటి వర్ణానికి రెండేళ్ళో, ఇంకాస్త ఎక్కువో అనుకోండి.

ఎనిమిదో మెట్టు: రోజువారీ సాధన

ఆదివారం మూడు గంటల కంటే రోజుకి అరగంట నయం. చెయ్యి నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుంది, ఒక్కరోజు మూడు గంటలకి ఒక్క రాత్రి నిద్రే దొరుకుతుంది. అరగంటలో ఐదు నిమిషాలు శ్రుతి, పది నిమిషాలు ఖాళీ తీగల మీద దీర్ఘ స్వరాలు, పది నిమిషాలు కొత్త పాఠం, ఐదు నిమిషాలు మీకు నచ్చింది. ఆ పది నిమిషాల దీర్ఘ స్వరాల్ని రెండో ఏడు కూడా మానొద్దు. ఫిడేలుని పెట్టెలో దాచకుండా చేతికందేలా, ఎండ తగలని చోట పెట్టుకుంటే సాధన తప్పడం తగ్గుతుంది.

వారానికి ఒకసారి ఒకే పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ ఆ రోజే వినకండి. నెల తరువాత నాలుగూ వరసగా వినండి. ఈ రోజుకీ నిన్నకీ తేడా మన ముదురు చెవికి దొరకదు, నెలకి దొరుకుతుంది.

ఇరుగుపొరుగుకి ఇబ్బంది అనుకుంటే బ్రిడ్జి మీద తగిలించే మ్యూట్ దొరుకుతుంది. రోజూ దానితోనే వాయించకండి, అది కమాను తప్పుల్ని కూడా మూసేస్తుంది.

నొప్పుల సంగతి. వేలికొనలు మండటం, తీగ గీత పడటం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. భుజం, మెడ, బొటనవేలి మొదలు నొప్పెడితే, చేతిలో తిమ్మిరి వస్తే ఆ రోజుకి ఆపి, పట్టునీ కూర్చునే తీరునీ గురువుకి చూపించండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. పంటి బిగువున సాధించే విద్య కాదిది.

ఇక మానేసి మళ్ళీ మొదలుపెట్టడం. ప్రయాణాలూ పెళ్ళిళ్ళూ జ్వరాలూ ఉంటాయి, రెండు మూడు వారాలు తప్పుతాయి. పెట్టె తెరిచేసరికి బిరడాలు వదులై తీగలు వేలాడుతుంటాయి, బ్రిడ్జి వాలి ఉంటుంది. ముందు బ్రిడ్జి నిలబెట్టండి. నాలుగు తీగల్నీ కొంచెం కొంచెంగా, వంతులవారీగా పైకి తెండి. కమాను బిగించి రోజిన్ రుద్దండి. ఆగిపోయిన పాఠం దగ్గరికి వెళ్ళకండి. రెండు రోజులు ఖాళీ తీగలు, మూడో రోజు సరళీ స్వరాలు మొదటి కాలంలో, నాలుగో రోజు కాగితం ముక్క పరీక్ష. అది ఎగిరాక వదిలిపెట్టిన అలంకారం తియ్యండి.